పిలిస్తే పోయిన

తప్పు చేసినవాడెవడో ఇంకా తేలలేదు గానీ, తప్పు మాట్లాడినవాడికి మాత్రం అప్పటికే తాళం పడింది.

కటకటాల వెనక గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు డానీ. మీసకట్టు కూడా సరిగ్గా రాని పిల్లవాడు. నిద్ర లేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. బయట బెంచీ మీద వాడి తల్లి యేసమ్మ కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. మొగుడు సామ్యేల్ బొగ్గు బాయిలో పైకప్పు కూలి చనిపోయిననాడు కూడా ఆమె అచ్చం ఇలాగే కూర్చుందని చూసినవాళ్లు చెబుతారు. ఏడవడం కూడా కొందరికి డ్యూటీలాగా అలవాటైపోతుంది, ఏం చేస్తాం.

మధ్యాహ్నం భోజనాలు కాగానే డానీని కోర్టుకు తీసుకుపోతారు. కోర్టుకు పోయాక రిమాండు, ఆ తర్వాత జైలు. జైలు గడప తొక్కిన పిల్లవాడికి ఈ బొగ్గు ఊళ్లో పనెవడిస్తాడు? ఎస్సై డెబోరా చేతిలో ఉన్న వ్యవధల్లా ఆ పూటే.

కేసు చూడబోతే అరచేయంత. కాలనీ చివర మూతబడ్డ పంప్‌హౌస్ ఒకటి ఉంది. రిటైరైన టీచరు కిషన్ సారు అందులో స్పోకెన్ ఇంగ్లిషు క్లాసు నడిపేవాడు. మొన్న సాయంత్రం, క్లాసు లేని పూట, ఆ గది నేల కింద ఉన్న ఎండిపోయిన నీళ్ల సంపులో ఆయన శవం దొరికింది. సిమెంటు మెట్ల మొదట్లో, తల పగిలి. ఆ పూట అటు పోయింది డానీ ఒక్కడేనని అల్లంత దూరాన బజ్జీల బండి పెట్టుకునే ఐలవ్వ చెప్పింది. పైనుంచి ప్రత్యేకంగా దిగిన ఇన్‌స్పెక్టర్ భూపాల్ వచ్చీరాగానే డానీని పట్టుకొని, సారును మెట్ల మీంచి తోసేశాడని తేల్చేశాడు.

"ఇంకా ఏం చూస్తున్నరు మేడం?" అన్నాడు భూపాల్, కాలు మీద కాలేసుకొని. "మీ చర్చి పిల్లగాడని జాలి పడ్తున్నరా?"

"జాలి కాదు సార్. పిల్లగాడు అబద్ధమాడిండు అంటున్నరు. ఏం అబద్ధమాడిండో నాక్కూడ చెప్పున్రి."

"ఆరోజు పంప్‌హౌస్‌కు పోయినవా అని ఇంగ్లిషుల అడిగిన. దొర ఇంగ్లిషులనే జవాబిచ్చిండు. 'ఇఫ్ సార్ కాల్డ్ మీ, ఐ వుడ్ గో.' మీకు అర్థమైతదా, తెలుగు చేసి చెప్పాల్నా?"

డెబోరా సర్కారు బడిలో చదువుకుందని స్టేషన్‌లో అందరికీ తెలుసు. ఆ దెప్పు ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

"చెప్పున్రి సార్. నేర్చుకుంట."

"సారు పిలిచి ఉంటే పోయేవాణ్ణి. అంటే ఏంది? పిలవలే, పోలే. మరి సారు ఫోను నుంచి వీని ఫోనుకు కాల్ వచ్చింది. ఐలవ్వేమో కండ్లార చూసిన అంటున్నది. పిలవలేదన్నది అబద్ధం, పోలేదన్నది అబద్ధం. తప్పు చెయ్యనోనికి రెండబద్ధాలతోని ఏం పని?"

డెబోరా లేచింది. కటకటాల ముందుకు పోయి గొంతుకూర్చుంది.

"డానీ, ఇటు చూడు. ఇంగ్లిషు పక్కకు పెట్టు. మీ అమ్మతోని మాట్లాడినట్టు చెప్పు. పోయినవా అని ఈ సారు అడిగితే ఏమన్నవ్?"

"పోయిన అని చెప్పినక్కా."

"గట్ల కాదు. నీ మనసుల ఏ మాట అనుకొని ఇంగ్లిషు చేసినవో ఆ మాట చెప్పు."

వాడు కాసేపు ఆలోచించాడు. "సార్ పిలిస్తే పోయిన."

డెబోరా ఊచ పట్టుకొని ముందుకు వంగింది. "ఏందీ? మళ్ల చెప్పు."

"సార్ పిలిస్తే పోయిన. గంతే గదక్కా నేనన్నది? 'తే' వచ్చినకాడ 'ఇఫ్' పెట్టాలె. 'ఇఫ్' పెట్టినంక 'వుడ్' పెట్టాలె. క్లాసుల గట్లనే చేస్తం మేం."

"తెలుగుల చెప్తే నీ నోరేమన్న అరిగిపోతుండెనారా?"

"ఇంగ్లిషుల మాట్లాడితే ఆఫీసర్లు ఇజ్జతిస్తరని కిషన్ సారు చెప్పిండక్కా."

కానిస్టేబులు రమ కిసుక్కున నవ్వబోయి, యేసమ్మ ముఖం చూసి నోరు మూసుకుంది. డెబోరా లేచి నిలబడింది.

"విన్నరా సార్? పిల్లగాడు మొదటి మాటకే ఒప్పుకున్నడు. సారు పిలిచిండు, నేను పోయిన అన్నడు. మీరే పోలేదని విన్నరు."

"'పిలిస్తే' అంటే 'ఇఫ్' కాదా?"

"నిన్న వానొస్తే తడిసిన అంటే వాన రానట్టా సార్? ఆకలైతే తిన్న అంటే తిననట్టా?"

భూపాల్ కాలు మీది కాలు దించాడు. దానికి మటుకు ఏం చెబుతాడు? మన భాషలో ఆ 'తే' ఉంది చూడండి, అది తిరుగుడు తలుపులాంటిది. ఎటు తిరిగిందో వెనకొచ్చే మాటే చెప్పాలి. పిలిస్తే పోతా అంటే ఇంకా పిలవలేదు. పిలిస్తే పోయేవాణ్ణి అంటే పిలవనూ లేదు, పోనూ లేదు. పిలిస్తే పోయిన అంటే పిలవడమూ అయింది, పోవడమూ అయింది. తల ఒక్కటే, తోకలు మూడు. ఇంగ్లిషువాడు ఆ తేడా తలలోనే పెట్టుకుంటాడు. పాపం డానీ, తన తోకను తెచ్చి వాళ్ల తలకు అతికించాడు. అంతమాత్రానికి ఊచల వెనక కూర్చున్నాడు.

"గ్రామర్ చెప్పి హంతకున్ని ఇడిచిపెట్టమంటరా?" భూపాల్ మెడ మీద నరం పొంగింది.

"నేను చెప్పకున్నా రేపు వాని వకీలు చెప్తడు సార్. అబద్ధమాడిండు అన్న మాట తీసేస్తే మీ కేసుల ఏం మిగులుతది? బజ్జీలేసుకుంట దూరంకెళ్లి చూసిన ముసలామె మిగులుతది."

భూపాల్ మనిషి మొండి గానీ మూర్ఖుడు కాదు. లాకప్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"సరే. మీ పూచీ మీద పంపున్రి. రేపు పొద్దుగాల మళ్ల గిక్కడ కూసోవాలె. పిల్లగాడు మాయమైండు అంటే మాత్రం మీ బెల్టు నేను దగ్గరుండి ఇప్పిస్త."

డానీ బయటికొచ్చాక డెబోరా వాణ్ణి పక్కకు పిలిచింది. "కిషన్ సారు ఎందుకు పిలిచిండురా?"

"మా నాయిన సంగతి ఒకటి చెప్పాలె, ఫోన్ల చెప్పేది కాదు అన్నడు. నేను పోయేవరకు లైట్లు లెవ్వు. వాకిట్ల నిలబడి సార్ సార్ అని ఒర్లిన. పలుకలే. మర్లి వచ్చిన."

"ఈ ముచ్చట ఎవ్వలకన్న చెప్పినవా?"

"లేదక్కా."

"చెప్పకు. ఇంటికి పోయి కడుపునిండ తిని పండుకో."

యేసమ్మ వచ్చి డెబోరా రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది. "ప్రభువు నిన్ను సల్లగ సూడాలె బిడ్డా," అని కొడుకును వెంటబెట్టుకొని పోయింది. వాళ్లు గేటు దాటేదాకా డెబోరా చూస్తూ నిలబడింది. గెలిచాననే అనుకుంది పిచ్చిపిల్ల. గెలుపు కూడా ఒక్కోసారి మనిషి కళ్లకు గంతలు కడుతుంది.

* * *

పంప్‌హౌస్ తాళం తీయగానే సున్నం, తుప్పు, మురిగిన నీళ్లు కలిసిన వాసన గుప్పుమంది. గదిలో బెంచీలు, గోడకు నల్లబోర్డు. ఒక మూల నేలలో మనిషి పట్టేంత చదరపు కంత. దాని అడుగునే సంపు. మరో పక్క గోడ వెంబడి సన్నటి సిమెంటు మెట్లు కిందికి దిగుతున్నాయి. ఫ్యూజు బోర్డు కూడా సంపులోనే ఉంది. కరెంటు పోతే దిగక తప్పదు.

"మెట్ల మీద నాచున్నది మేడం, పైలం," అంది రమ.

ఆ మాటకు డెబోరా అడుగు తీసి వేయబోయినదల్లా ఆగిపోయింది. టార్చి వేసి పైనుంచి కింది దాకా చూసింది. గోడలోంచి ఊరే నీళ్లకు మెట్ల అంచున పచ్చటి నాచు పట్టుపరుపులా పరుచుకొని ఉంది. పోలీసుల బూట్లు తొక్కింది గోడవారన. నడుమ నాచు మాత్రం చెక్కు చెదరలేదు.

"రమా, నిండు మనిషి దీని మీద జారిపడ్డడు అనుకో. నాచు ఎట్లుండాలె?"

"గీసుకపోవాలె మేడం. బర్రె దొర్లినట్టు ఉండాలె."

"సారు అంగీ మీద పచ్చటి మరక ఏమన్న ఉండెనా?"

"లేదు. నేనే గదా బట్టలు మూట కట్టింది. ఎర్రటి మరకలుండె, నెత్తురనుకున్న. దవాఖానల డాక్టరు తుప్పు అన్నడు. అరచేతులకు కూడ తుప్పే ఉన్నదట."

తుప్పు! సిమెంటు మెట్లు దిగిన మనిషి అరచేతులకు ఇనుప తుప్పెక్కడిది?

డెబోరా గోడవారనే జాగ్రత్తగా దిగి, నేలలోని కంత సరిగ్గా కిందికి వచ్చేచోట మోకాళ్ల మీద కూర్చుంది. ఈ ఊళ్లో బొగ్గు దుమ్ము సంగతి కొత్తగా చెప్పేదేముంది. పొద్దున తుడిచిన గచ్చు మాపటికి నల్లబడుతుంది. ఏళ్లుగా ఊడ్వని ఆ సంపులో దుమ్ము మెత్తటి కంబళిలా పేరుకుపోయి ఉంది. ఆ నలుపులో పక్కపక్కనే రెండు చోట్ల, అగ్గిపెట్టె మేర, నేల తెల్లగా కనిపిస్తోంది. వేలితో రాసి చూసింది. పైపైన పలచటి పూత, అంతే.

"ఇక్కడ ఏందో నిలబడి ఉండె. చాన ఏండ్లు నిలబడ్డది, మొన్న మొన్న తీసిన్రు," అంది మెల్లగా. "రెండు కాళ్లది."

పైకొచ్చి కంత అంచు తడిమింది. సిమెంటులో రెండు బోల్టు రంధ్రాలు. లోపలి మరలు తళతళ మెరుస్తున్నాయి. ఊరంతా తుప్పు పట్టినా ఆ రెండు మరలకు మాత్రం తుప్పు లేదు. ఎవరో నూనె పోసి, ఓపికగా తిప్పి వదులు చేశారు.

ఐలవ్వ బండికి కనిపించని వైపు, పంప్‌హౌస్ వెనక ముళ్లపొదలో దొరికింది ఇనుప నిచ్చెన. తలకిందులుగా తోసేసి ఉంది. కింది కాళ్లకు అగ్గిపెట్టె మేర పలకలు. ఒక మెట్టుకు చొక్కా దారపు పోగు చిక్కుకొని ఉంది.

రమ నోరు తెరిచింది. "అంటే సారు మెట్ల మీంచి దిగనే లేదు! లైట్లు తీసేస్తే ఫ్యూజు చూస్తందుకు నిచ్చెన పట్టుకొని దిగిండు, అది ఊసిపోయింది..."

"ఊసిపోయేటట్టు చేసిన్రు. అటెనుక మెట్ల కాడికి గుంజుకపోయి పెట్టిన్రు." డెబోరా చేతులు దులుపుకుంది. "ఈ నిచ్చెన సంగతి తెలిసింది ఇప్పుడు ముగ్గురికి. నీకు, నాకు, చంపినోనికి. నాలుగో మనిషికి తెల్వద్దు."

* * *

కిషన్ సారు సంగతులు అడుగుదామని గిడియోన్ సారు ఇంటికి పోయేసరికి ఆయన పెరటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. కాళ్లకు ఎర్రమట్టి ఉంది. డెబోరాను చూసి కుళాయి కట్టేసి, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకొని, "రా బిడ్డా," అన్నాడు.

కిషన్‌కు బాల్య స్నేహితుడు. క్లాసులో గ్రామరు చెప్పేది ఈయనే. ఇంగ్లిషు మాట్లాడితే కడిగిన ముత్యాలు రాలినట్టుండేది. బయటి రాష్ట్రాల నుంచి ఏ ఆఫీసరు వచ్చినా, ఏ విచారణ జరిగినా, కార్మికుల మాటను ఇంగ్లిషు చేసి చెప్పడానికి ఈయన్నే పిలిచేవాళ్లు. డెబోరాకు తొమ్మిదో తరగతిలో ఇంగ్లిషు నేర్పింది కూడా ఈయనే. ఆమె ఇన్ని పరీక్షలు గట్టెక్కి ఖాకీ తొడుక్కుందంటే అందులో సగం ఆయన చలవ. అందుకే రమను వాకిట్లో, డ్రైవరు శివను జీపులో ఉంచి, బూట్లు విప్పి లోపలికి పోయింది.

"డానీని ఇడిపించినవట," అన్నాడు ఆయన. "మంచి పని చేసినవ్."

"కిషన్ సారుకు పగోళ్లెవ్వలన్న ఉన్నరా సార్?"

"వానికి పగోళ్లా? ఈగను కూడ క్షమాపణ అడిగి కొట్టేటోడు." నిట్టూర్చాడు. ఆ తర్వాత అలవాటు చొప్పున ఇంగ్లిషులోకి దిగాడు. దుఃఖమొచ్చినా కోపమొచ్చినా ఆయనకు ఇంగ్లిషే వస్తుంది. "పూర్ ఫెలో. ఇఫ్ హి హ్యాడ్ టేకెన్ ద స్టెప్స్, హి వుడ్ బి అలైవ్ టుడే."

గోడ గడియారం చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది డెబోరాకు.

"ఏమన్నరు సార్?"

"ఏమన్న?"

"'హ్యాడ్ టేకెన్' అన్నరు."

ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు.

"కిషన్ సారు మెట్ల మీద జారిపడ్డడని ఊరంత అంటున్నది. భూపాల్ సారు గదే అంటున్నడు. గది నమ్మినోడు 'ఇఫ్ హి హ్యాడ్ నాట్ టేకెన్' అంటడు, దిగకపోతే బతికేటోడు అని. తెల్వని మనిషైతే 'ఇఫ్ హి టుక్ ద స్టెప్స్' అంటడు. మెట్ల మీంచి దిగిండో లేదో నాకెర్కలేదు అని దానర్థం. 'హ్యాడ్ టేకెన్' అంటే దిగలేదని ఎరుకున్నోని మాట. మెట్ల మీంచి దిగి ఉంటే బతికి ఉండేటోడు, కాని దిగలే. దిగలేదని మీకెవ్వలు చెప్పిన్రు సార్?"

"నోరు జారి ఉంటది బిడ్డా. ముసలోన్ని."

"ఈ తేడా తప్పు రాస్తే మీరు నా ఏళ్ల మీద కొట్టిన్రు సార్. ఇగో, ఈ ఏళ్ల మీదనే." చెయ్యి చాపింది. "మీరు అబద్ధమాడగలరు. తప్పు ఇంగ్లిషు మాత్రం మాట్లాడలేరు."

గిడియోన్ తువ్వాలు మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"డానీ తండ్రి సంగతేంది సార్? కిషన్ సారు ఏం చెప్తందుకు వాన్ని పిలిచిండు?"

ఆయన తువ్వాలు పక్కన పడేశాడు. ఈసారి తెలుగే వచ్చింది, అదీ బాయి దగ్గరి తెలుగు.

"సామ్యేల్ సచ్చిపోయినంక విచారణ పెట్టిన్రు గదా. ఆ పని ఓ ప్రైవేటు కాంట్రాక్టరుది. వచ్చిన ఆఫీసరుకు తెలుగు రాదు. నడుమ నేను. సామ్యేల్ తోటి కూలోళ్లు ఒక్కటే మాట అన్నరు. బాయి కప్పు పగిలిందని చెప్తే వినలే. గంతే. చెప్పినం, మేస్త్రి వినలే. చెప్పినా లోపలికే తోలిండు."

"మీరేమని చెప్పిన్రు?"

"నేను 'ఇఫ్' పెట్టిన." కళ్లు మూసుకున్నాడు. "'ఇఫ్ వి హ్యాడ్ టోల్డ్ హిమ్, హి వుడ్ నాట్ హావ్ లిసన్డ్.' చెప్పి ఉన్నా వినేటోడు కాదు. అంటే చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తప్పు మేస్త్రిది కాదు, కాంట్రాక్టరుది కాదు. పగిలిన కప్పు కింద నోర్మూసుకొని పనిచేసినోళ్లదే. సామ్యేల్ సావు సామ్యేల్ నెత్తి మీదనే ఏసిన."

పాపం డానీ తెలియక పెట్టిన 'ఇఫ్' వాణ్ణి లాకప్‌లో కూర్చోబెట్టింది. ఈయన తెలిసి పెట్టిన 'ఇఫ్' వాడి తండ్రిని చచ్చాక కూడా దోషిని చేసింది. చదువు రాకపోతే ఒక బాధ. చదువు మరీ బాగా వస్తే ఊరికంతటికీ బాధ.

"ఎందుకు సార్?"

"మా బిడ్డ ఫెబాకు కాంట్రాక్టరు ఆఫీసుల నౌకరి ఇచ్చిన్రు." అది చెప్పడానికి ఆయనకు సిగ్గు కూడా మిగల్లేదు. "ఆ కూలోళ్లల్ల ఒకడు ఈ నడుమ మంచాన పడి కిషన్‌కు అంతా చెప్పిండు. కిషన్ వచ్చి నన్నడిగిండు. నేను ఒప్పుకున్న. పిల్లగానికి చెప్తనన్నడు. నా బిడ్డ ముఖం చూసి ఊకోమని కాళ్లు పట్టుకున్న డెబోరా. ఊకోలే. గందుకే నిచ్చెన బోల్టులు విప్పిన."

అప్పుడు మోగింది ఫోను. భూపాల్.

"మేడమ్‌గారూ, ముబారక్!" గొంతులో వెటకారం కారిపోతోంది. "మీ పిల్లగాడు ఇంట్ల లేడు. తల్లి బువ్వ పెట్టి నీళ్లు తెచ్చేవరకు మాయం. ఫోను బంద్. నేను ముందే చెప్పిన, వింటిరా? బెల్టు తయారు పెట్టుకోన్రి."

డెబోరా ఫోను దించింది. ఎదురుగా గిడియోన్ ఆమె ముఖమే చూస్తున్నాడు. భూపాల్ మాటలు ఆయనకూ వినిపించాయి. ఆయన పెదాలు కదిలాయి. బోర్డు ముందు నిలబడి పిల్లలకు చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి అన్నాడు:

"ఇఫ్ యూ హ్యాడ్ లెఫ్ట్ హిమ్ ఇన్ ద లాకప్, హి వుడ్ హావ్ బీన్ సేఫ్."

మొదట చెవికి మాత్రమే తగిలింది. ఆ తర్వాత లోపలికి దిగింది. హ్యాడ్ లెఫ్ట్. వుడ్ హావ్ బీన్. లాకప్‌లోనే ఉంచి ఉంటే క్షేమంగా ఉండేవాడు. ఉంచలేదు. తాళం తీయించింది ఎవరు? వాదించి, గెలిచి, తల్లి చేత చేతులు కళ్లకద్దించుకొని, ఇంటికి పో నాయనా అని పంపింది ఎవరు?

ఒక్క ఉదుటున లేచి ఆయన చొక్కా పట్టుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఎటుపోయిందో ఎటుపోయింది.

"ఏడున్నడు? ఏం చేసినవ్ వాన్ని?"

"నా దగ్గరికే వచ్చిండు," అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ ఆయన వాటిని పట్టించుకోలేదు. "మా నాయిన విచారణల నువ్వే గద సార్ ఇంగ్లిషు చెప్పింది, ఏమన్నరో చెప్పు అన్నడు. మీ నాయిన పనిచేసిన జాగ చూపిస్త దా అని బండెక్కించుకొని పోయిన. మూతబడ్డ బాయి, దానికి గాలి కొట్టే ఫ్యాన్‌హౌస్ ఎనుక ఎర్రమట్టి గుంత. కింద నీళ్లున్నయి. ఒక్కసారి తోసిన. తొంగి చూడనీకె నాకు శాతకాలే."

"బతికున్నడా?"

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు.

"ఇఫ్ యూ..."

ఆగిపోయాడు.

ఆ ఆగిన చోట ఒక ప్రాణం వేలాడుతోంది. 'హ్యాడ్ గాన్' అంటాడా, ఇక పోవడం దండగ. 'వెంట్' అంటాడా, ఉత్త ఊహ, దాని మీద ఆశ నిలవదు. 'గో' అంటాడా... డెబోరా ఆయన పెదాలకేసి చూసింది. బడిలో ఏ పరీక్ష ఫలితానికీ అంత భయపడి ఎదురుచూడలేదు ఆమె.

"గో," అన్నాడు గిడియోన్. "ఇఫ్ యూ గో నౌ, టేక్ ఎ రోప్. నేనొచ్చేటప్పుడు ఒర్లుతుండె."

ఆ చివరి మాట ఆమెకు వాకిట్లో వినపడింది.

"రమా, ఈయన్ను కదలనియ్యకు! శివా, జీపు తియ్యి! మోకు ఉన్నదా?"

శివ వెనక సీటు కింద గబగబా వెతికి తలెత్తాడు. "లేదు మేడం. మన మోకు నిన్ననే భూపాల్ సార్ జీపుల ఏసుకున్నరు."

జీపు కదులుతుండగానే ఆమె ఫోను కలిపింది. కాసేపటి కింద తన బెల్టు విప్పిస్తానన్న మనిషికే.

"సార్, మూతబడ్డ బాయి ఫ్యాన్‌హౌస్ ఎనుక గుంతల డానీ ఉన్నడు. గిడియోన్ సారు తోసిండు. కిషన్ సారును చంపింది గూడ ఆయననే, ఒప్పుకున్నడు. నా దగ్గర మోకు లేదు. మీ జీపుల ఉన్నది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తర్వాత వెటకారం పోయిన గొంతుతో అడిగాడు భూపాల్. "ఒకవేళ నేనొచ్చేవరకు వాడు..."

"ఒకవేళలు లెవ్వు సార్," అంది డెబోరా. "రాండ్రి!"